ఆఖరి బండి కోసం పరుగు

పోస్టరు చింపినవాళ్ళెవరో గానీ చాలా పద్ధతిగా చింపారు. పైన 'ఆదివారం ఉదయం అందరూ రండి, కలిసి పరుగెత్తుదాం' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. పరుగెత్తుతున్న మనుషుల బొమ్మా ఉంది. దాని కింద 'మన కాలనీకి ఒక పార్థివ వాహనం కొనడం కోసం' అన్న వరస మాత్రం లేదు. గోరుతో గీకి, తడిగుడ్డతో తుడిచి మరీ తీసేశారు.

డ్రిల్లు టీచరు జిగురు బకెట్టు కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. పార్కు గేటు దగ్గరా ఇదే పని, బడి గోడ మీదా ఇదే పని. ఇది పాలబూతు గోడ.

"ఎవరు చేశారిది?" అని పాలబూతు అతన్ని అడిగింది.

అతను పాల ప్యాకెట్లు సర్దుతూ తల ఎత్తలేదు. "ఒకరని ఏం చెప్పనమ్మా! పొద్దున్నే పాలకొచ్చినవాళ్ళంతా తలా ఒక గోరు వేశారు. లేవగానే ఆ మాట చదవాలా అంటున్నారు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు. నేనూ ఒక ముక్క పీకాను. రోజంతా దానికి ఎదురుగా కూర్చునేవాణ్ణి నేనేగా."

టీచరు కుంచె జిగురులో ముంచింది. కొత్త పోస్టరు పాతదాని మీదే అంటించి, అరచేత్తో మధ్యనుంచి అంచులకి గాలి బుడగలు పోయేలా రాసింది. "ఇదీ పీకితే మళ్ళీ వచ్చి అంటిస్తా."

"అంటించండి. మీ దగ్గర జిగురుంది, మా దగ్గర గోళ్ళున్నాయి," అన్నాడతను.

ఇరవై ఏళ్ళకి పైగా ఆడపిల్లల్ని పరుగెత్తించిన మనిషామె. వీధిలో నడుస్తున్నా విజిల్ మెడలోనే ఉన్నట్టు ఉంటుంది నడక. ఎదురొచ్చినవాళ్ళు తెలియకుండానే పక్కకి తప్పుకునేవాళ్ళు. ఈ వారంరోజులుగా మాత్రం తెలిసే తప్పుకుంటున్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. పొడగరి, ఎముకల మనిషి. కాళ్ళు చాపితే దారిన పోయేవాళ్ళకి అడ్డం. టీచరు చేతులు కడుక్కుని టీ కలిపి తీసుకొస్తే ఆవిడ కప్పు వంక కూడా చూడలేదు.

"ఆ జిగురు చేత్తో ఇచ్చింది నేను తాగను."

"సబ్బేసి కడుక్కున్నానత్తయ్యా."

"సబ్బుకి పోయే జిగురా అది? మొన్ననేగా డాక్టరు నాకేం రోగం లేదన్నాడు. ఇంకో పదేళ్ళు రాయిలా ఉంటావన్నాడు. ఆయనకి లేని తొందర నీకెందుకే?"

"ఆ బండి మీ కోసం కాదు."

"మరెవరికోసం? ఈ కాలనీలో నాకంటే పెద్దదాన్ని ఒక్కదాన్ని చూపించు. వరసలో ముందున్నది నేనేగా!" ఆవిడ గొంతు వీధిలోకి వినపడేంత పెరిగింది. "ఏ కోడలైనా అత్తగారికి మనసులో తద్దినం పెడుతుంది గానీ, ఊరందరినీ పరుగెత్తించి మరీ బండి కొనే కోడల్ని నేనెక్కడా చూడలేదమ్మా!"

లోపల్నుంచి తన మందుల షాపుకి బయల్దేరుతున్న ఆవిడ కొడుకు చెప్పులు తొడుక్కుంటూ ఇద్దరి మధ్యనుంచీ నేల చూపులు చూసుకుంటూ నడిచాడు. "ఏవండీ, మీరైనా చెప్పండి," అంది టీచరు. "నన్ను లాగకండి బాబూ. ఒకరు పెంచారు, ఒకరు వండి పెడుతున్నారు," అని ఆయన మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం కాలనీ సంఘం మీటింగు. సంఘం గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గరగరమనే ఫ్యాను, గోడకి పాత ప్రెసిడెంట్ల ఫోటోలు. ఇప్పటి ప్రెసిడెంటుకి మెయిన్ రోడ్డు మీద ఫంక్షన్ హాలుంది. ఆయన ఎక్కడ కూర్చున్నా తన హాల్లో పెళ్ళివారికి కుర్చీలు చూపిస్తున్నట్టే మాట్లాడతాడు. ఆయన భార్య ముందు వరసలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో, మేడమీద ఉండే లావుపాటి ఆవిడ. మేడావిడ అంటారందరూ.

"టీచరమ్మా, పరుగు మంచిదే," అన్నాడు ప్రెసిడెంటు. "ఆరోగ్యానికి మంచిదని మీరే అంటారు. ఆరోగ్యం కోసం పరుగెత్తమని పిలిచి, తీరా చివర్న శవం బండి చూపిస్తే ఎలాగండీ?"

గదంతా నవ్వింది. మేడావిడ అందరికంటే ఎక్కువ నవ్వింది.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "ఒక చిన్న సవరణ. పరుగు అలాగే ఉంచుదాం. బండి బదులు పార్కులో పిల్లలకి ఉయ్యాలలు అందాం. హాలు ముందునుంచే మొదలుపెట్టుకోవచ్చు. మంచినీళ్ళు, అరటిపళ్ళు ప్రెసిడెంటుగారే ఇస్తామన్నారు."

"పార్కులో ఉయ్యాలలు ఉన్నాయి. బండి లేదు," అంది టీచరు.

"లేకపోతే ఇన్నాళ్ళూ ఎవరూ పోలేదా?"

అప్పుడామె లేచి నిలబడింది. బడిలో మైదానం ఆ చివరిదాకా వినపడే గొంతుని ఆ చిన్నగదికి సరిపడా తగ్గించింది. "పోయారు. ఎలా పోయారో చెప్తాను వినండి. మన టైలరు భార్య పోయిన నెల పెద్దాసుపత్రిలో పోయింది. ఆసుపత్రి బండి చెడిపోయిందన్నారు. బయట బండ్లవాళ్ళు ఈ సందుల్లోకి రామన్నారు. ఆయన రోజంతా గేటు దగ్గర నిలబడి, చివరికి సిమెంటు బస్తాలు మోసే ట్రాలీలో తెచ్చుకున్నాడు. నేను కూడలి దగ్గర ఉన్నాను, బడిపిల్లల్ని రోడ్డు దాటిస్తూ. ట్రాలీ పొట్టిది. పైన కప్పిన దుప్పటి చాల్లేదు. రెండు పాదాలూ బయటే ఉన్నాయి. గుంత వచ్చినప్పుడల్లా ఊగాయి. కాలిన మచ్చలు పాదాల నిండా. ఎప్పటివో పాతవి, ముడతలు పడి ఉన్నాయి. అవి కూడా కనపడ్డాయి నాకు. నా వెనక పిల్లలంతా చూస్తున్నారు. ఏం చెయ్యాలో తెలీక, 'వెనక్కి తిరుగు' అని ఆర్డరు వేశాను. అందరూ వెనక్కి తిరిగారు. నేనొక్కదాన్నే చూస్తూ నిలబడ్డాను."

ప్రెసిడెంటు భార్య చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది. వెనక ఎవరో ముక్కు చీదారు. తన మాట తగిలిందని టీచరుకి తెలిసింది. మంచి పరుగు తర్వాత ఒంట్లో పుట్టే వెచ్చదనం లాంటిది ఒకటి పుట్టింది. ఇంకొంచెం చెప్పాలనిపించి, దుప్పటి రంగు కూడా చెప్పింది.

ప్రెసిడెంటు నిట్టూర్చాడు. "అయ్యో పాపం. ఆ మనిషికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ నాలుగు శుభకార్యాలు జరిగే చోటు నాది. దాని ముందు ఆ పేరుతో జనం పోగైతే రేపు ఎవరొస్తారమ్మా? సంఘం పేరు మీ పోస్టర్లలోంచి తీసెయ్యండి. హాలు ముందు స్థలం ఇవ్వను. రోడ్డు మీద మీ ఓపిక."

బయటికొచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఆమె చెయ్యి నొక్కి వెళ్ళారు. పేరు పోయినా, స్థలం పోయినా, టీచరు ఇంటికి ఓడిపోయినట్టు వెళ్ళలేదు.

టైలరు షాపు, టీచరు భర్త మందుల షాపుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఒక మిషను, ఒక బల్ల, గోడనిండా వేలాడే సగం సగం బట్టలు, అంతే షాపు. పరుగెత్తేవాళ్ళ ఛాతీ మీద కట్టుకునే నంబరు గుడ్డలకి అంచులు కుట్టమని టీచరు అతనికి తెల్లగుడ్డ తాను ఇచ్చి ఉంది. మీటింగు అయిన రెండో రోజు బడినుంచి వస్తూ, అయ్యాయేమో చూద్దామని ఆగింది.

అతను బడిపిల్లల చొక్కాకి కాలరు ఎక్కిస్తున్నాడు. ఆమె నీడ బల్లమీద పడ్డా మిషను ఆపలేదు. కాలరు చివరిదాకా కుట్టి, దారం పళ్ళతో తెంపి, చొక్కా తిరగేసి చూసి, మడత పెట్టి పక్కన పెట్టాడు. అప్పుడు బల్లకిందనుంచి తెల్లగుడ్డ తాను తీసి ఆమె ముందు పెట్టాడు. విప్పను కూడా విప్పలేదు.

"తీరిక దొరకలేదా?" అంది టీచరు.

"దొరికింది."

"మరి?"

అతను సుద్దముక్క తీసి గోటితో దాని అంచు గీస్తూ కూర్చున్నాడు. "నిన్న ఒకాయన వచ్చాడు. ప్యాంటు కొలతలకి. నేను కింద కూర్చుని కాలు పొడుగు తీస్తుంటే పైనుంచి అడిగాడు, మీ ఆవిడ కాళ్ళు కాలిపోయాయటగా, ఎలా జరిగింది అని."

టీచరు తెల్లగుడ్డ తాను దగ్గరికి లాక్కుంది.

"చిన్నప్పుడు వేణ్ణీళ్ళు పడ్డాయండీ. పెళ్ళైన కొత్తలో నాక్కూడా చూపించలేదు. ఎండాకాలం ఇంట్లో ఒక్కతే ఉన్నా మేజోళ్ళు తీసేది కాదు. నేనే కుట్టిచ్చేవాణ్ణి, మెత్తటి గుడ్డతో. ఆసుపత్రిలో అవి తీసేశారు. ఎక్కడ పారేశారో వెతుకుతూ ఒక గంట తిరిగాను. దొరకలేదు." అతని గొంతు పెరగలేదు. "ఆరోజు రోడ్డుమీద కొందరు చూశారు. చూసినవాళ్ళు మర్చిపోతారులే అనుకున్నా. మీరేమో చూడనివాళ్ళందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి చూపించారు."

"నేను మీ తరఫునే మాట్లాడాను."

"నా తరఫున మాట్లాడేముందు నన్ను అడిగారా?"

"అన్యాయం జరిగింది కదా అని..."

"జరిగింది. నాకు జరిగింది. అది మీ చేతికి ఎలా వచ్చింది?"

"బండికి ఆవిడ పేరు పెడదామని కూడా అనుకున్నాను," అంది. అనగానే అది అనకూడని మాటని తెలిసింది.

టైలరు మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "పేరూ వద్దు, ఊసూ వద్దు. పరుగెత్తుతారో, నడుస్తారో, పాకుతారో మీ ఇష్టం. రోడ్డు నాది కాదు. మా ఆవిడ మాత్రం నాది. ఇంక ఎక్కడా, ఎవరిముందూ ఆవిడ మాట ఎత్తకండి."

ఆమె తాను చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. మొదట కోపమొచ్చింది. మంచికి పోతే ఇంతే, వీళ్ళకోసం అందరితో చెడ్డయితే వీళ్ళే మొహాన కొడతారు అనుకుంటూ వడివడిగా నడిచింది. వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ కోపం ఎవరిమీద పెట్టాలో తెలియలేదు. దుప్పటి రంగు చెప్పడం గుర్తొచ్చింది. అది ఎందుకు చెప్పినట్టు? ఎవరు అడిగారు?

మర్నాడు బడిలో పెద్దమేడమ్ పిలిచింది. బడిపిల్లలు, వాళ్ళ అన్నదమ్ములు వస్తే పరుగు నిండుగా ఉంటుందని టీచరు ఆశ.

"తల్లిదండ్రులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు," అంది పెద్దమేడమ్ బల్లమీద పెన్ను తిప్పుతూ. "పసిపిల్లలకి చావు గురించి ఎందుకంటారు. అయినా నేను ఒప్పించగలను. మీటింగులో మీరేదో చెప్పారట, విన్నవాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకున్నారట. అదేంటో నాకు రెండు ముక్కలు రాసివ్వండి. తల్లిదండ్రులకి పంపిస్తాను. ఆ తర్వాత ఎవరంటారో చూద్దాం."

టీచరు కిటికీలోంచి మైదానం వైపు చూసింది. అక్కడ పిల్లలు ఆమె గీసిన సున్నపు గీతల మీద వరసలో నిలబడి ఉన్నారు, ఆమె విజిల్ కోసం.

"రాయడానికేం లేదు మేడమ్."

"అదేంటి? ఎవరో ట్రాలీలో..."

"ఆ మాట నేను చెప్పకుండా ఉండాల్సింది."

"మీరు చెప్పకపోతే పిల్లల్ని పంపలేను."

"సరే మేడమ్," అంది టీచరు.

ఆదివారానికి మిగిలిన ఆ రెండు రోజులూ ఆమె నంబరు గుడ్డల అంచులు చేత్తోనే కుట్టింది. వంకరటింకరగా వచ్చాయి. అత్తగారు కుర్చీలోంచి చూసి, "గోనెసంచీ నయం," అంది. తర్వాత కాసేపటికి, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఆ బండికి కిటికీలుంటాయా?" అంది.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదు. గుడ్డ చూసుకుని కుట్టు."

ఆదివారం తెల్లవారింది. ఫంక్షన్ హాలు గేటుకి తాళం, ఆ ముందు స్థలంలో ప్రెసిడెంటు రాత్రే దించిన ఇసుక కుప్ప. టీచరు పరుగు మొదలయ్యే గీతని దానికి ఇవతల, మురుగుకాలవ పక్కన, సున్నంతో గీసుకుంది. బల్లమీద నంబరు గుడ్డలు, పిన్నీసులు, మంచినీళ్ళ డబ్బా, చందా డబ్బా పెట్టింది. ఎండ గోడల మీదికి దిగేదాకా ఎవరూ రాలేదు.

వచ్చినవాళ్ళు కాలనీవాళ్ళు కారు. పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగిన ఆయాలు నలుగురైదుగురు, యూనిఫారం మీదే నంబరు కట్టుకున్నారు. ఇద్దరు నర్సులు. సిమెంటు ట్రాలీ నడిపే అతను వచ్చాడు. నంబరు గుడ్డ పట్టుకుని, "నన్ను ఎవరూ పిలవలేదు, రావచ్చా?" అని అడిగాడు. టీచరు తనే అతనికి పిన్నీసు పెట్టింది.

విజిల్ నోట్లో పెట్టుకుంటుండగా వీధి ఆ చివర షట్టరు దించిన చప్పుడైంది. మందుల షాపాయన ప్యాంటు మడిచి, చెప్పుల్తోనే వస్తున్నాడు.

"మిమ్మల్ని లాగొద్దన్నారుగా," అంది టీచరు.

"నువ్వు లాగలేదుగా. నేనే వచ్చా. మాట్లాడించకు, ముందే ఆయాసం," అన్నాడాయన.

విజిల్ ఊదింది. పరుగెత్తారు. పాలబూతు ముందునుంచి వెళ్తుంటే అక్కడతను లేచి వీపు తిప్పి ప్యాకెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి సందులోకి తిరగ్గానే కిటికీ ఒకటి ధడాలున మూసుకుంది. ఆ తర్వాత ఇంకొకటి. వాళ్ళు ముందుకు వెళ్ళేకొద్దీ ఇంటింటికీ తలుపులు పడుతూ వచ్చాయి, ఎవరో ముందే వెళ్ళి చెప్పినట్టు. ఒక ముసలాయన వాకిట్లో కూర్చుని ఉంటే కోడలు వచ్చి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆయన తల తిప్పి చూస్తూనే ఉన్నాడు.

మేడావిడ ఇంటి కిందికి వచ్చేసరికి పైనుంచి బకెట్టుడు నీళ్ళు పడ్డాయి. ఇల్లు తుడిచిన నీళ్ళు. సగం టీచరు నెత్తిమీద, సగం పక్కనున్న ఆయా మీద.

"అయ్యో, చూసుకోలేదు!" అంది పైనుంచి మేడావిడ. అని పక్కకి తిరిగి ఎవరితోనో నవ్వింది.

ఆయా ఆగి పైకి చూసింది. "ఏమ్మా, నువ్వు పోవా? ఇక్కడే ఉండిపోతావా?" అని అరిచింది. టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగొద్దు. ఊపిరి పాడవుతుంది. పద." జుట్టులోంచి మురికినీళ్ళు మెడ మీదికి కారుతుంటే, రోజూ పిల్లలకి చెప్పే మాటే చెప్పింది: చూపు ముందుకి, మోచేతులు దగ్గరికి.

తన ఇంటిముందుకి వచ్చినప్పుడు ఆమె తలెత్తలేదు. కిటికీ మూసి ఉంటుందని తెలుసు. కానీ అత్తగారి గొంతే వినపడింది, వీధంతా వినపడేలా: "ఒరేయ్, నువ్వు కూడానా! ఆ చెప్పుల్తో పడతావురా, విప్పి పరుగెత్తు!" కిటికీ తెరిచే ఉంది.

పరుగైపోయింది. సున్నపు గీత దగ్గర చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. ఆయాలు నీళ్ళు తాగి, నంబరు గుడ్డలు విప్పి మడతపెట్టి ఇచ్చి, నిద్రపోవడానికి వెళ్ళిపోయారు. చందా డబ్బాలో ఏదైనా వేసింది వాళ్ళే. అది చూస్తే టీచరుకి ఇంకా కష్టంగా అనిపించింది.

సోమవారం బడికి వారంరోజులు సెలవు పెట్టింది, ఒళ్ళంతా నొప్పులని. భర్తకి తోడుగా షాపులో కూర్చుంది. పొద్దున గిరాకీ తగ్గాక మేడావిడ వచ్చింది. టీచరుని చూసి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చి గొంతు మాత్రలు అడిగింది. ఆయన ఇచ్చాడు. ఆవిడ వెళ్ళలేదు. దగ్గుమందు సీసా ఒకటి చేతిలోకి తీసుకుని, వెనక అక్షరాలు చదువుతున్నట్టు నటించింది.

"నీళ్ళు కావాలనే పోశాను," అంది సీసాతోనే.

"తెలుసు," అంది టీచరు.

"నాకు ఆ మాట వింటేనే దడ. మా ఆయనకి రెండు సార్లు గుండెపోటు వచ్చింది. మా మేడ మెట్లు ఇరుకు. ఆయన లావు. ఎలా దింపుతారు, ఎందులో వేస్తారు అని ఒక్కదాన్నే కూర్చుని..." ఆగిపోయింది. ఒక కవరు సీసా కింద పెట్టి ముందుకు జరిపింది. "నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకండి. నేను ఇచ్చానని తెలిస్తే ఆయన, నా చావు కోసం ఎదురుచూస్తున్నావా అంటాడు."

ఆవిడ వెళ్ళాక టీచరు, భర్త ఒకరినొకరు చూసుకున్నారు. ఆయనేదో అనబోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

అక్కణ్ణుంచి వారమంతా అదే. జ్వరం మాత్రకని వచ్చేవాళ్ళు, దూదికని వచ్చేవాళ్ళు, ఏం కొనకుండా బరువు చూసుకుంటామని వచ్చేవాళ్ళు. వెనక ఇంకో మనిషి ఉంటే ఆగి, ఆ మనిషి వెళ్ళాక కవరు తీసేవాళ్ళు. అందరిదీ ఒకే మాట, పేరు వద్దు. ఇంట్లో మంచంలో ఉన్న తల్లి గురించి కొందరు చెప్పారు, కొందరు ఏం చెప్పలేదు. పాలబూతు అతను డబ్బు పాల ప్యాకెట్టు కవర్లోనే చుట్టి తెచ్చాడు. "పోస్టరు మాత్రం పెట్టకండి, దండం పెడతా," అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, వీధి నిద్రపోయే వేళ, ప్రెసిడెంటు భార్య వచ్చింది. చేతిసంచీలోంచి కవరు తీసి బల్లమీద పెట్టింది. లావుగా ఉంది. "మా అమ్మ మా దగ్గరే ఉంటుంది, వెనక గదిలో. ఆయన బయట ఎవరికీ చెప్పరు. ఏదైనా జరిగితే హాల్లో పెళ్ళి ఉన్న రోజు జరక్కూడదని రోజూ అంటారు. నా ముందే అంటారు." అంతే చెప్పి కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆరోజు రాత్రి భోజనాల దగ్గర అత్తగారు ముద్ద మధ్యలో ఆపింది. "ఆ బండి ఎప్పుడొస్తుంది?"

"తొందరేముందత్తయ్యా?"

"తొందరేముందా? ఇంత గొడవ చేశావు, నెత్తిమీద నీళ్ళు పోయించుకున్నావు. తీరా నా వేళకి రాకపోతే తలెక్కడ పెట్టుకుంటావే?" అని, కోడలు వడ్డించిందే, మారు అడిగి వేయించుకుంది.

మళ్ళీ మీటింగు వచ్చింది. విషయం మురుగుకాలవ. గది నిండింది. వెనక గోడ దగ్గర టైలరు కూడా నిలబడ్డాడు, కాలవ అతని షాపు ముందునుంచే పోతుంది కాబట్టి. టీచరు చివరి వరసలో కూర్చుంది. ప్రెసిడెంటు అందరినీ ఒకసారి కలయజూసి ఆమె దగ్గర ఆగాడు.

"కాలవ సంగతికి ముందు మన టీచరమ్మకి అభినందనలు చెప్పాలండీ. మొన్న పరుగుకి జనం విరగబడి ట్రాఫిక్ ఆగిపోయిందట!"

నవ్వులు లేచాయి. మేడావిడ అలవాటుగా మొదలుపెట్టి, మధ్యలో టీచరు వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక నవ్వు ఉందో లేదో తెలియలేదు.

"నేను చెప్తే విన్నారా? ఈ కాలనీలో ఒక్కడంటే ఒక్కడు దానికి రూపాయి ఇవ్వడు. పోనీ, ఎవరైనా ఇచ్చారా టీచరమ్మా?"

"ఇచ్చినవాళ్ళు ఇచ్చారు," అంది టీచరు కూర్చునే.

"పేర్లు చెప్పండి, నా హాల్లోనే శాలువా కప్పుదాం. ఖర్చు నాది!"

ఆమె లేచి నిలబడింది. గది సద్దుమణిగింది. పోయినసారి ఆమె ఇక్కడే నిలబడి మాట్లాడిందని అందరికీ గుర్తుంది. ముందు వరసలో ప్రెసిడెంటు భార్య మెడ కర్రలా బిగుసుకుంది. రెండో వరసలో ఒకాయన సెల్ ఫోను బోర్లా పెట్టాడు. సెక్రటరీ కాగితాలు సర్దుతున్న వేళ్ళు ఆగాయి. బుధవారం దూదికొచ్చిన మనిషి ఆయన. టీచరుకి ఒక్కొక్క ముఖం వెనక ఒక్కొక్క మంచం కనపడుతోంది. నాలుక చివరికి వచ్చేసింది మాట. పెద్దది కూడా కాదు. 'మీ ఇంట్లో అడగండి' అంటే చాలు. ఈ నవ్వు ఈ గదిలో ఇంకెప్పుడూ లేవదు.

"పేర్లు చెప్పను," అంది.

"ఉంటేగా చెప్పడానికి!" ప్రెసిడెంటు బల్ల చరిచాడు. ఈసారి నవ్వు పెద్దగా లేచింది, భయం తీరినవాళ్ళ నవ్వు. కొందరు అవసరానికి మించి నవ్వారు. ఆమె వాళ్ళవంక చూడలేదు. "కాలవ సంగతి కానివ్వండి," అని కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, సెక్రటరీ చదువుతున్నది వింటున్నట్టు ముందుకు చూసింది.

ముగిశాక అందరూ ఆమెని దాటుకుంటూ వెళ్ళారు. ఎవరూ చెయ్యి నొక్కలేదు. "పట్టుదల తగ్గించుకోండి టీచరమ్మా," అన్నాడు ప్రెసిడెంటు. ఆయన వెనకే ఆయన భార్య నేల చూస్తూ నడిచిపోయింది.

మెట్లకింద టైలరు నిలబడి ఉన్నాడు. టీచరు పక్కకి తప్పుకుని వెళ్ళబోయింది.

"మీ షాపుకి ఎదురుగా కూర్చునేవాణ్ణి నేను," అన్నాడతను. "వారంనుంచీ చూస్తున్నా, ఎవరెవరొచ్చారో."

ఆమె గబుక్కున అటూ ఇటూ చూసింది. "ఎవరితోనైనా అన్నారా?"

"నాకెందుకండీ." అతను మెడలోని కొలతటేపు తీసి వేళ్ళకి చుట్టుకున్నాడు, విప్పాడు. లోపల కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్న చప్పుడు, ప్రెసిడెంటుని అనుకరిస్తూ ఎవరో నవ్వించడం వినపడుతున్నాయి. "మా ఆవిడ ఉంటే ఈపాటికి మిమ్మల్ని తిట్టేది. అంతమంది నవ్వుతుంటే అలా కూర్చున్నారేంటి, నోట్లో నాలుక లేదా అని. కోపం ఎక్కువ తనకి."

ఏమన్నా ఎక్కువవుతుందేమోనని టీచరుకి భయమేసింది.

"బండి చూడ్డానికి ఎప్పుడైనా వెళ్తే," అన్నాడతను, "నాకొక మాట చెప్పండి. షాపు మూసేసి వస్తాను."

"చెప్తాను," అంది టీచరు.

అతను తలూపి కాలవ దాటి అటు వెళ్ళాడు. ఆమె కాసేపు ఆగి ఇటు నడిచింది. ఎదురొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని చూసి మాట ఆపి, గోడ పక్కకి ఒదిగారు. ఆమే ముందు తప్పుకుని వాళ్ళకి దారి ఇచ్చింది.